తెల్ల సీట్ల అక్క

"వో సఫేద్ సీట్ వాలీ దీదీ, గుజర్ గయీ."

జగదల్‌పూర్ నుంచి బీజాపూర్‌కి కూరగాయలు తోలే పికప్ డ్రైవర్ ఒకడు, సీటు కుట్టు ఊడిందని మా దుకాణం ముందు బండి ఆపి, టీ తాగుతూ మాటల మధ్యలో ఈ మాట చెప్పాడు. చెప్పి, గ్లాసు పక్కన పెట్టి, పొగాకు నలుపుకుంటూ కూర్చున్నాడు. ఆ తోవలో బండి నడిపేవాళ్ళకి చావు కబురు చెప్పడం అలవాటైన పనే. నేను అప్పుడు ఎవరిదో కొత్త కారు తలుపుకి స్వేడ్ గుడ్డ అతికిస్తున్నాను. బ్రష్ చేతిలోనే ఉండిపోయింది, దాని మీద జిగురు ఆరిపోయింది.

ఆమె పేరు నాకు తెలియదు. నేను అక్కా అనేవాణ్ణి. డ్రైవర్లు సఫేద్ సీట్ వాలీ, అంటే తెల్ల సీట్లామె, అనేవాళ్ళు. బీజాపూర్ దాటి, ఆవపల్లి అవతల ఆమె ఊళ్ళో ఏమని పిలిచేవారో, ఆమె పోయాక అక్కడికి వెళ్ళినప్పుడు కూడా అడగాలని తోచలేదు.

జగదల్‌పూర్‌లో మాది సీటు కవర్ల దుకాణం. మా నాన్న భద్రాచలం వైపు నుంచి వచ్చి లారీ సీట్లకీ జీపు టాపులకీ రెగ్జిన్ కుట్టేవాడు. నా కాలానికి కార్లు వచ్చాయి, కార్లతో పాటు పట్టింపులూ వచ్చాయి. ఈమధ్య ఏ బండి ఆగినా మొదటి ప్రశ్న ఒకటే: లెదరా, స్వేడా? లెదర్ అంటే అసలు తోలు. తడిగుడ్డతో తుడిస్తే శుభ్రపడుతుంది, ఏళ్ళ తరబడి మన్నుతుంది, ఎండలో నిలబెడితే మాత్రం పెనంలా కాలుతుంది. మేం స్వేడ్ అని అమ్మేది తోలు కాదు, మిల్లులో తయారైన గుడ్డ. లేతగా నూగు ఉంటుంది. వేలితో ఒక వైపు రాస్తే ముదురుగా, ఇంకో వైపు రాస్తే లేతగా కనిపిస్తుంది. ఎండకి కాలదు, దాని మీద మనిషి జారడు. కానీ ఏది పడితే అది పీల్చుకుంటుంది. డబ్బున్నవాళ్ళు రెండూ నలిపి చూసి, తోడల్లుడి కారులో లేనిదేదో అది వేయించుకుని పోతారు. ఆ రెండింటి మధ్య తేడా ఒక మనిషి ప్రాణం దాకా రాగలదని నాకు అక్క వల్లే తెలిసింది.

మొదటిసారి ఆమె ఎండాకాలం మధ్యాహ్నం వచ్చింది. దుమ్ము కొట్టుకుపోయిన పాత బొలేరో దుకాణం ముందు ఆగింది. అందులోంచి చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా తొడుక్కున్న ఆడమనిషి దిగింది. నలభై దాటి ఉంటాయి. కాళ్ళకి చెప్పుల్లేవు. నేను బండిలోకి తొంగి చూసి, డ్రైవర్ ఎక్కడని హిందీలో అడిగాను. ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది. ఈలోగా నేను లోపల మా మేస్త్రీని తెలుగులో కేకేశాను.

"తెలుగోడివా? మంచిగైంది" అంది. "డ్రైవర్ని నేనే. ఈ సీట్లు పీకి కొత్తవి ఎయ్యాలె."

బండి దేనికి తిప్పుతున్నావని అడిగాను. రోగులని తీసుకెళ్తానంది. వాళ్ళ వైపు ఊళ్ళ నుంచి బీజాపూర్‌కి, అక్కడ కాదంటే జగదల్‌పూర్‌కి. మిగతా రోజుల్లో సంతకి జనాన్ని, బియ్యం బస్తాలని.

"అట్లయితే లెదర్ ఎయ్యి అక్కా" అన్నాను. "రక్తమైనా, వాంతులైనా తుడిస్తే పోతయి. నీ పనికి ఇంకోటి పనికిరాదు."

తోలు ముక్క తీసుకుని వాసన చూసి, "చెప్పుల దుకాణం లెక్కుంది" అంది. దాన్ని తీసుకెళ్ళి ఎండలో బానెట్ మీద పరిచింది. తాపీగా టీ తాగి వచ్చి, తన ముంజేతిని దాని మీద ఆనించింది. మొహంలో ఏ మార్పూ లేకుండా అలాగే కాసేపు ఉంచి, తీసి నాకు చూపించింది. చర్మం కందిపోయి ఉంది.

"జరమొచ్చినోణ్ణి దీని మీద పండవెడతవా?"

తర్వాత స్వేడ్ ముక్క అందుకుంది. చెంపకి రాసుకుంది. సీసాలోంచి కొంచెం నీళ్ళు దాని మీద పోసి, వంగి చూస్తూ నిలబడింది. నీళ్ళు ఒక్క క్షణం పైన మెరిసి లోపలికి దిగిపోయాయి.

"నిలవలే" అంది.

"నిలవదు. దాంతో కష్టమే అది. ఏది పడ్డా తాగుతది, మరక పోదు."

"నిలవకుంట ఉండాలె తమ్మీ. నాకు గదే కావాలె."

అప్పుడు చెప్పింది. కల్లు తియ్యడానికి సల్ఫీ చెట్టెక్కిన ఆమె భర్త పైనుంచి పడ్డాడు. బండి ఆయనదే, నడిపేవాడూ ఆయనే. పక్క ఊరి నుంచి ఒక డ్రైవర్ని పిలిపించి ఆ బండిలోనే ఆసుపత్రికి బయల్దేరారు. పాత రెగ్జిన్ సీటు మధ్యలో గుంత పడి ఉండేది.

"తల నా ఒళ్ళె ఉంది. కారిన రక్తమంత ఆ గుంతల నిలిచింది. బండి ఇటు మలిగితే ఇటు, అటు మలిగితే అటు పోతుండె. తొవ్వ పొడుగునా నేను ఆయన మొకం చూడలే. దాన్నే చూసిన. ఆయన ఎప్పుడు పోయిండో నాకు తెల్వదు. ఇంకెవ్వళ్ళూ నా బండిల అట్ల చూసుకుంట కూసోవద్దు."

నేను స్వేడ్ రంగుల ముక్కలన్నీ తెచ్చి ముందు పెట్టాను. మరక కనిపించకుండా ముదురు రంగు ఏరుకుంది, కాఫీ గింజ రంగు. మేస్త్రీ, నేను కలిసి రెండు రోజులు కుట్టాం. సీట్లు బిగించాక ఆమె చేసిన పని చూసి పక్క దుకాణాల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. వెనక తలుపు తీసి, సీటు మీద పడుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, కళ్ళు మూసుకుంది. ఒక పక్కకి తిరిగింది, ఇంకో పక్కకి తిరిగింది. లేచి వచ్చి, "మంచిగుంది, జారుతలే" అని బండెక్కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జగదల్‌పూర్ వచ్చినప్పుడల్లా, రోగిని పెద్దాసుపత్రిలో దింపి, మా దుకాణం ముందు ఆగేది. దూరం నుంచే "బతికే ఉన్నవా తమ్మీ?" అని అడిగేది. ఇక్కడి వాళ్ళు దాన్ని వేళాకోళం అనుకుని నవ్వేవారు. ఆమె మాత్రం జవాబు కోసం ఆగేది. ఉన్నానక్కా అంటే తలూపి, అప్పుడు లోపలికి వచ్చేది. నాతో తెలుగు, మేస్త్రీతో హిందీ, ఎదురుగా కూరలమ్మే ఆవిడతో హల్బీ మాట్లాడేది. బండితో మాత్రం తన ఇంటి భాష దోర్లీలో మాట్లాడేది. స్టార్ట్ కాకపోతే ముసలి అత్తగారిని బతిమాలినట్టు ఏదేదో అనేది. హార్న్ కొట్టగా నేనెప్పుడూ వినలేదు. దారిలో పశువులు అడ్డం వస్తే చెయ్యి బయటికి పెట్టి తలుపు మీద దబదబా చరిచేది. హార్న్ మోగితే వెనక పడుకున్నవాళ్ళు ఉలిక్కిపడతారని చెప్పింది.

ఆ సీట్లంటే ఆమెకి ఎంత ప్రీతో చెప్పలేను. నా దగ్గర మెత్తటి బ్రష్ అడిగి తీసుకుంది. మాతో మాట్లాడుతూనే వెనక సీటు నూగుని ఒకే వైపుకి దువ్వుతూ ఉండేది, పిల్లకి తల దువ్వినట్టు. కిడ్నీలు పాడైన ఒక ముసలాయన ఆ సీటు మీద పడుకుని, ఇంట్లో కూడా ఇంత మెత్తగా ఎప్పుడూ పడుకోలేదన్నాడట. ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆయన తిరిగి ఇంటికి రాలేదన్న సంగతి మాత్రం ఒక్కసారే చెప్పింది. మరకలు పడేవి. అవి ఆ ముదురు రంగులో కలిసిపోయేవి.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ఆమె బండి వచ్చి ఆగింది. అద్దాలన్నీ దించి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళేలోపే వాసన తెలిసింది. బతికే ఉన్నవా అని అడగలేదు. పక్క సీట్లోంచి ఒక ముసలామె దిగింది. చిన్న మనిషి, నుదుటి మీద పచ్చబొట్లు. ఆమెకి గోండీ తప్ప మరో మాట రాదు.

"ఎనక సీటు పీకు తమ్మీ" అంది అక్క.

ఏమైందని అడిగాను. బండిని ఆనుకుని నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది.

నాలుగు రోజుల కింద ఆ ముసలామె కోడలు ఇంటి దగ్గరే ప్రసవించింది. ఆడపిల్ల పుట్టింది, ఏడవలేదు. ఒళ్ళు నీలంగా మారుతోంది. పొద్దున్నే తల్లినీ బిడ్డనీ బండెక్కించారు. తల్లి వెనక సీటు మీద పడుకుంది. ముసలామె పక్కన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పసిపిల్లలని పెట్టే గాజుపెట్టె పెద్దాసుపత్రిల్నే ఉంటదని నేను ఎక్కడా ఆపలే. ఉరికిచ్చిన. ఆ కోడలు పిల్ల మంచిగనే మాట్లాడింది. ఆడపిల్లనా, మొగపిల్లడా అని అడిగింది. నీళ్ళడిగింది. తర్వాత పండుకుంది. అవ్వ పాపని చూస్తుంది. నేను తొవ్వ చూస్తున్న. పిల్ల అలిసిపోయి నిద్రపోయిందనుకున్నం. దాన్ని ఎవ్వళ్ళం చూడలే తమ్మీ."

వెనక తలుపు పిడి మీద చెయ్యి వేసింది.

"రక్తం సుక్క కింద పడలే. ఒక్క సుక్క. సీటు అంత తాగింది. ఆసుపత్రి ముంగట తలుపు తీసి లేపితే, చెయ్యి చల్లగుంది."

"పాప?"

"పాప బతికింది. గాజుపెట్టెల ఉంది. దాన్ని చూడనికే వచ్చినం." తర్వాత అంది: "నడిమిట్ల ఆసుపత్రి ఉండె. దాని ముంగట్నుంచే పోయినం. కారుతుంటే చూసేటోళ్ళం. ఆపేటోళ్ళం."

సీటు వల్ల మనుషులు చావరు అక్కా అనో, అంతా దేవుడి చేతిలో ఉందనో ఏదో అన్నాను. ఏమన్నానో నాకే గుర్తు లేదు. ఆమె నా వైపు తిరిగి, "నువ్వు లెదర్ ఎయ్యమన్నవ్. వద్దన్నది నేను" అంది. కోపంగా అనలేదు.

సీటు విప్పాం. పైన గుడ్డ చూస్తే, తెలియనివాళ్ళకి కొంచెం బిరుసెక్కినట్టు ఉందంతే. రంగు మారినట్టు కూడా లేదు. గుడ్డ తీశాక కింద ఫోం కనిపించింది. నేను ఈ పనిలో చాలా చూశాను. యాక్సిడెంట్ అయిన బండ్ల సీట్లు విప్పాను. ఆ రోజు మాత్రం మేస్త్రీ బయటికి వెళ్ళి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఫోం అడుగు దాకా నల్లగా గడ్డకట్టి ఉంది, ఎత్తితే రాయిలా బరువు.

దాన్ని వెనక చెత్తలో పడెయ్యడానికి ఎత్తాను. ముసలామె వచ్చి నా చేతులు పట్టుకుంది. గోండీలో ఏదో అంది. మళ్ళీ అదే అంది, గొంతు పెంచలేదు. నేను అక్క వైపు చూశాను.

"పడెయ్యొద్దంటుంది. కోడలు పిల్లని మట్టిల పెట్టిన కాడ దీన్ని కూడా పెడతదంట. పిల్ల సగం దీన్లనే ఉందంటుంది."

ముసలామె తన పై గుడ్డ తీసి నేల మీద పరిచింది. ఫోం దాని మీద పెట్టి, గుడ్డ ముక్కలు కూడా ఏరి పెట్టి, నాలుగు కొసలూ ముడి వేసింది. నేల మీద పడిన చిన్న ముక్కల కోసం మోకాళ్ళ మీద వంగి వెతికింది. నేనూ వెతికాను. ఆ మూటని ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు. అక్క మళ్ళీ లోపలికొచ్చి కొత్త సీటు సంగతి మాట్లాడినంతసేపూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"తెల్లది కావాలె" అంది అక్క. "తెల్ల లెదర్."

"మన ఎర్రమట్టిల తెల్లదా? వారం నిలవదు అక్కా."

"మట్టి అయితే కడుక్కుంట. రక్తం కనపడాలె."

తెల్లతోలు మామూలుగా మా దగ్గర ఉండదు. కానీ ఒక కాంట్రాక్టర్ తన పెద్ద బండికి తెప్పించి, ఇంకెవరి బండిలోనో స్వేడ్ చూసి మనసు మార్చుకున్నాడు. ఆ తోలు అటక మీద చుట్టి ఉంది. దింపి విప్పాను. ఆమె దాని మీద నీళ్ళు పోసి చూసింది. నీళ్ళు ముత్యాల్లా నిలిచి, వంపు ఉన్న వైపుకి జారి, బల్ల అంచు మీదుగా ఆమె కాళ్ళ మీద పడ్డాయి. ఆమె కాళ్ళు జరపలేదు.

కుట్టు బెజ్జాల్లోంచి లోపలికి దిగుతుందని, వెనక సీటు మధ్యలో ఎక్కడా కుట్టు లేకుండా ఒకే తోలు వెయ్యమంది. ముందు వైపుకి కొంచెం వాలు పెట్టమంది. పైన ఇంకో చిన్న అద్దం బిగించి, రోడ్డు కాకుండా వెనక సీటు కనిపించేలా కిందికి వంచమంది. నేను చేసిన సీట్లలో చూడటానికి అంత అందంగా ఇంకోటి కుదరలేదు. బిగించాక ఈసారి ఆమె పడుకుని చూడలేదు. తలుపు తీసి ఒకసారి చూసి, మూసేసింది.

తెల్ల సీట్లతో ఆమె పేరు రోడ్డంతా పాకింది. రోడ్డు పక్క పోలీసు క్యాంపుల దగ్గర చెకింగ్ చేసేవాళ్ళు కూడా ఆ సీటు మీద చెయ్యి వెయ్యడానికి మొహమాటపడేవారట. పెళ్ళివాళ్ళు పెళ్ళికొడుకుని ఊరేగించడానికి బండి అడిగారు. దాని మీద ఎవరెవరు పడుకున్నారో తెలిస్తే మీరు కూర్చోరని చెప్పి పంపించేసింది.

స్వేడ్‌ని దువ్వినట్టు దీన్ని ఎప్పుడూ ముద్దు చెయ్యలేదు. తుడిచేది, అంతే. అంట్లు తోమినట్టు కసిగా తుడిచేది. ఎండలో అది కాలుతుందని, రోగిని ఎక్కించే ముందు డబ్బాతో నీళ్ళు పోసి, జ్వరం చూసినట్టు చేతి వెనక భాగంతో తాకి, మళ్ళీ నీళ్ళు పోసేది. మనిషి జారకుండా నవారు పట్టీ నా చేత కుట్టించుకుంది. దుప్పటి పరుచుకోవచ్చుగా అని అడిగితే, "పరిస్తే మళ్ళ తాగుతది" అంది. ఒకసారి తనే అంది: "నాకు ఈ సీటంటే ఇష్టం లేదు తమ్మీ. అద్దంల చూసినప్పుడల్లా భయమైతది. అట్లనే ఉండాలె."

మరుసటి ఎండాకాలం ఇప్పపూల రోజుల్లో చొక్కా లేకుండా వచ్చింది. చీర మీద చొక్కా లేని ఆమెని నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

"చొక్కా ఏది అక్కా?"

"ఆసుపత్రిల ఒకామె తొడకి కట్టి ఉంది" అంది.

పూలు ఏరడానికి వెళ్ళిన ఒక ఆమెని ఎలుగుబంటి చీరేసింది. భుజం మీద, మొహం మీద గాయాలు. ఇంటివాళ్ళు వాటికి గుడ్డలు కట్టి బండెక్కించారు. కొంత దూరం పోయాక అద్దంలో చూస్తే, తెల్లతోలు మీద సన్నటి ఎర్ర గీత ముందుకి జారి వస్తోంది. బండి ఆపి, చీర ఎత్తి చూసింది. తొడ వెనక ఎవరూ చూడని గాయం. చొక్కా విప్పి గట్టిగా బిగించి కట్టి, దగ్గరలో ఉన్న ఆసుపత్రిలోకి తిప్పింది. ఆ మనిషి బతికింది.

ఇది చెప్పేటప్పుడు సంతోషపడుతుందనుకున్నాను. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. "అప్పుడే తెల్లది ఎయ్యాల్సింది" అంది.

ఆఖరిసారి వచ్చినప్పుడు చలికాలం. మనిషి చిక్కిపోయింది. కళ్ళలో పసుపు కనిపించింది. ఆసుపత్రికి ఎలాగూ వెళ్తున్నావు, అక్కడే చూపించుకోరాదా అన్నాను.

"నేను లోపలికి పోయి పండుకుంటే బండి ఎవడు నడుపుతడు?"

"ఊళ్ళె ఎవరికన్న నేర్పు."

"ఎవనికి నేర్పాలె? చేతికొచ్చినోడల్లా మిర్చి ఏరనికే తెలంగాణకి పోతడు. మొగోళ్ళు పోతరు, ఆడోళ్ళు పోతరు. మా తోటికోడలికి నేర్పుతున్న. స్టీరింగ్ పట్టుకుంటే కళ్ళు మూసుకుంటది." నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకు అరుదు.

ఎండలు ముదిరాక పికప్ డ్రైవర్ ఆ చావు కబురు తెచ్చిన వారంలోనే అతని బండిలో బయల్దేరి వెళ్ళాను. ఆవపల్లి దాటాక మట్టి రోడ్డు. ఒక వాగు దగ్గర కల్వర్టు కూలి ఉంది. అక్కడ దిగి మిగతా దూరం నడిచాను. పగటిపూట కూడా ఊరు నిర్మానుష్యంగా ఉంది. మిర్చి కోతలకి వెళ్ళినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. బొలేరో వాకిట్లో ఉంది. ఎవరో శుభ్రంగా కడిగారు.

తోటికోడలు నాకు మంచం వాల్చి, నీళ్ళు తెచ్చి ఇచ్చింది. చిన్నవయసు మనిషి, అరచేతులకి బొబ్బలు ఎండిన మచ్చలున్నాయి. భర్త మిర్చి కోతల్లో ఉన్నాడు, కబురు అందినా సమయానికి రాలేకపోయాడు. జరిగింది ఆమే చెప్పింది.

అక్కకి జ్వరం ముదిరింది. రెండో రోజుకి మాట తడబడింది, మనుషులని గుర్తుపట్టలేదు. ఒక పిల్లవాడు గుట్టెక్కి, సిగ్నల్ దొరికే చోట నుంచి ఆంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. కల్వర్టు కూలిపోయింది కాబట్టి వాగు ఇవతలికి రాలేం, అవతలి ఒడ్డున ఉంటాం, అక్కడికి తీసుకురండి అన్నారు. వాగులో నీళ్ళు లేవు. బొలేరో దిగి ఎక్కగలదు. తాళం చెవి గోడకి వేలాడుతోంది. ఊళ్ళో నడపడం వచ్చిన మనిషి అక్క ఒక్కతే.

"అక్కని సీటు మీద పండవెట్టినం అన్నా. నేను ముంగట కూసున్న. రెండో గేరు దాక నేర్పింది నాకు. స్టార్ట్ చేస్తె ఆగింది. మళ్ళ చేసిన, ఆగింది. ఇంక చెయ్యంగ చెయ్యంగ అసలుకే పలకలే. అందరు నా మొకమే చూస్తున్నరు."

అప్పుడు నెట్టారు. ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళు, ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు కలిసి ఆ బండిని వాకిట్లోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీద నుంచి వాగు వైపుకి నెట్టారు. తోటికోడలు కాలుతున్న స్టీరింగ్ పట్టుకుంది. పచ్చబొట్ల ముసలామె వెనక అక్క తల దగ్గర కూర్చుంది. మనవరాలిని ఇంకెవరికో అప్పగించి వచ్చిందట. మధ్యాహ్నపు ఎండ. బండి కాలిపోతోంది. నెట్టేవాళ్ళ అరచేతులు అంటుకుపోతుంటే చీర కొంగులు చుట్టుకున్నారు. వాగు దాకా పల్లమే కాబట్టి బండి కదిలింది.

"ముసలవ్వ ఊకె సీటు తడుముతుంది" అంది ఆమె. "తడిమి, చెయ్యి చూసుకుంటది. మళ్ళ తడుముతది. ఏం కారలే అన్నా. ఒక్క సుక్క కారలే. సీటు తెల్లగనే ఉంది. అక్కకి ఏమైతుందో మాకు ఎట్ల తెలుస్తది?"

వాగు ఒడ్డుకి చేరేసరికి అవతల ఆంబులెన్స్ కనిపించింది. అందులోని ఇద్దరు స్ట్రెచర్ పట్టుకుని ఇసుకలో పరుగెత్తుకొచ్చారు. వెనక తలుపు తీసి చూశారు. ఒకడు వేళ్ళు మెడ మీద పెట్టి ఉంచి, తీసేశాడు. శవాన్ని ఊరికి మోసుకెళ్ళడానికి స్ట్రెచర్ వాడుకోండి, మేం ఆగుతాం అన్నారు. మంచివాళ్ళే. కానీ ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. అక్కని ఆమె బండిలోంచి దించడానికి ఎవరికీ మనసు రాలేదు. మళ్ళీ బండి వెనకా పక్కలా చేరారు. ఇప్పుడు దారి ఎత్తు. కొంచెం నెట్టడం, చక్రాల కింద రాళ్ళు పెట్టడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ నెట్టడం. పొద్దు వాలేదాకా పట్టిందట.

తోటికోడలు తన చేతులకేసి చూసుకుంది. వాకిట్లో ఎవరి కోళ్ళో బొలేరో కింద నీడలో పడుకుని ఉన్నాయి.

"స్టీరింగ్ నేనే పట్టుకున్న అన్నా" అంది. "తొవ్వంత గుంతలే. ఒక్క గుంతల గూడ పడనియ్యలే. అక్క లేదని తెలుసు. అయినా మెల్లగనే తీస్కొచ్చిన."